జీతం లేని డ్యూటీ

కీత్లీ,
16 నవంబర్ 2025, ఆదివారం

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

నేను బాగున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అమ్మ అనుకుంటుంది. ఫోన్లో అయితే నాన్న నన్ను సగం మాట దగ్గరే ఆపేస్తారు. కాగితాన్ని ఆపలేరు. అమ్మా, దీన్ని నాన్నకు అద్దాలు పెట్టించి ఆయన చేతికే ఇవ్వు, నువ్వు చదివి వినిపించకు. నువ్వు చదివితే నీకిష్టం లేని చోట్లు దాటేస్తావు.

మామయ్య ఇంకా మా ఊరిని కీగ్లీ అనే అంటున్నాడట. స్పెల్లింగు చూస్తే అలాగే ఉంటుంది మరి, పలకడం మాత్రం కీత్లీ. వచ్చిన కొత్తలో బస్సు డ్రైవరు దగ్గర నేనూ అలాగే అని నవ్వులపాలయ్యాను.

హాస్పిటల్లో కొత్త సంగతులేమీ లేవు. వారానికి మూడు, ఒక్కోసారి నాలుగు డ్యూటీలు, పన్నెండు గంటల చొప్పున. మామూలే.

చలికాలమని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు కాబట్టి మీకూ నాకూ ఇప్పుడు అయిదున్నర గంటల తేడా. అందుకే నా ఫోను ఈమధ్య మీకు ఆలస్యంగా వస్తోంది, వేరే కారణం లేదు. మధ్యాహ్నం నాలుగింటికే ఇక్కడ చీకటి పడుతోంది. డ్యూటీకి చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తాను. మొంథా తుపాను రోజు మీ ఫోను రెండు పూటలు కలవకపోయేసరికి నేను పడ్డ టెన్షన్ ఆ దేవుడికే తెలుసు. వెనకవైపు రేకుల షెడ్డు బాగుచేయించారా? డబ్బు పంపాను కదా, దాచుకోకుండా ఖర్చు పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి.

ఆదివారాలు ఇక్కడి పాత స్టీము రైలు లైన్లో జీతం లేకుండా పని చేస్తున్నానని చెప్పగానే, "నలభై ఏళ్ళు రైల్వేలో జీతానికి చేశాను, నా కూతురు పరాయి దేశంలో అదే రైల్వేకి ఊరికే చేస్తుందా?" అని ఆ రోజు ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత వారం రోజులు అమ్మతోనే మాట్లాడించారు. నాకు కోపం రాలేదు నాన్నా. వచ్చింది, తగ్గిపోయింది.

అసలు అక్కడికి ఎలా వెళ్ళానో మీకు చెప్పనేలేదు. పోయిన ఫిబ్రవరిలో నాకు మూడు రోజులు వరసగా సెలవు వచ్చింది. ఆ మూడు రోజుల్లో నేను నోరు తెరిచి మాట్లాడింది కొట్టులో పిల్లతో ఒక్కసారే, సంచీ కావాలా అంటే వద్దని. మూడో రోజు లీడ్స్ వెళ్దామని స్టేషనుకు వెళ్ళాను. మా స్టేషన్లో ఒకటి, రెండు ప్లాట్‌ఫాములు మామూలు కరెంటు బండ్లకి. మూడు, నాలుగు ప్లాట్‌ఫాములు వేరే లైనువి, నేనెప్పుడూ అటు తొంగి చూడలేదు. ఆ రోజు అటునుంచి బొగ్గు వాసన వచ్చింది. మీరు తెల్లవారుజామున డ్యూటీ నుంచి వచ్చి లైన్ బాక్సు వసారాలో దించి, చొక్కా విప్పి దండెం మీద వేసేవారని అమ్మ చెప్పేది కదా. నేను పుట్టేసరికి మీరు కరెంటు ఇంజన్లకి మారిపోయారు, ఆ వాసన నాకు తెలిసే అవకాశమే లేదు. అయినా అది మన పాత ట్రంకుపెట్టె వాసనే. మీ పాత యూనిఫాం ఇంకా అందులోనే ఉందిగా. లీడ్స్ బండి వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు.

ఆ ప్లాట్‌ఫాం మీద ఒక బోర్డు ఉంది: వచ్చి చూడండి, వీలైతే మాతో కలిసి పని చేయండి, అనుభవం అక్కర్లేదు అని. అనుభవం అక్కర్లేదన్న మాట చూసి నవ్వొచ్చింది. బిట్రగుంట షెడ్డులో ఇంజనుకి బొగ్గు వేసిన ఫైర్‌మన్ కూతుర్ని, నాకు అనుభవం లేదా అనుకున్నాను.

ఈ లైను కథ మీకు నచ్చుతుంది. కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ దాకా అయిదు మైళ్ళలోపే, ఆరు స్టేషన్లు. 1867లో తెరిచారు. ఇక్కడివన్నీ ఉన్ని మిల్లులు, వాటికి బొగ్గు చేరాలి. కట్టేటప్పుడు ఓక్‌వర్త్ దగ్గర ఒక ఆవు ప్లాను కాగితాలు తినేసిందని, అందుకే పని ఆలస్యమైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పీడబ్ల్యూడీ వాళ్ళకి ఈ సాకు తట్టలేదు పాపం. తెరిచిన రోజే బండి కీత్లీ ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది, ఓక్‌వర్త్ దాటాక మళ్ళీ ఆగింది, చివరికి బండిని రెండు ముక్కలు చేసి లాక్కెళ్ళారట. మీరుంటే ఆ డ్రైవరుని తిట్టేవారు. లేదంటే ఫైర్‌మన్‌ని వెనకేసుకొచ్చి, స్టీము లేకపోతే వాడేం చేస్తాడు అనేవారు.

1962కల్లా ప్రభుత్వ రైల్వే ఈ లైనుని మూసేసింది. ఊళ్ళవాళ్ళు అదే ఏడాది సొసైటీ పెట్టుకుని, ఆరేళ్ళు తంటాలుపడి, 1968 జూన్ ఆఖర్న మళ్ళీ బండి నడిపించారు. ఇలా మామూలు జనమే రైలుని కాపాడుకోవడం మొదట 1951లో వేల్స్‌లో ఒక చిన్న లైనుతో మొదలైందట. ఇప్పుడు ఈ దేశమంతా ఇలాంటివే. ఇందులో కొందరికి జీతాలున్నాయి నాన్నా, అందరూ ఊరికే చేసేవాళ్ళు కాదు. కానీ టికెట్లిచ్చేవాళ్ళు, గార్డులు, ఇంజను తుడిచేవాళ్ళు, డ్రైవర్లు కూడా ఎక్కువమంది వాలంటీర్లే. సోమవారం బ్యాంకులో కూర్చునే మనిషి ఆదివారం ఇంజను నడుపుతాడు. క్లీనరు, ఫైర్‌మన్, డ్రైవరు అనే వరసలోనే పైకి రావాలి. ఆ మెట్లు మాత్రం మీవే. సింగిల్ లైను కాబట్టి, దారి ఖాళీ అని చెప్పే టోకెన్ చేతికి రాకుండా బండి కదలదు. మీరు చెప్పే బంతి టోకెన్ల లాంటివి మాత్రం ఇక్కడ నాకు కనపడలేదు.

నన్ను ఇంజను ఎక్కించారని ఊహించుకోకండి. నాకిచ్చింది చీపురు. ప్లాట్‌ఫాం ఊడ్చాను, కంచెకి రంగు వేశాను, వెయిటింగ్ రూములో బొగ్గు కుంపటి రాజేశాను. ఓక్‌వర్త్ స్టేషన్లో ఇప్పటికీ గ్యాసు దీపాలే. 1970లో వచ్చిన ఒక పిల్లల సినిమా అక్కడ తీశారని ఇప్పటికీ జనం వచ్చి ఫోటోలు దిగుతారు. డామెమ్స్ అని ఇంకో స్టేషనుంది, ప్లాట్‌ఫాం ఒక్క బోగీ పట్టేంతే. నిద్రపోయి దిగడం మరిచిపోయే మామయ్యలాంటి వాళ్ళకి అసలు పనికిరాదు.

సరే, మీ మాటకొస్తాను. "జీతం లేకుండా చేసేవాడు జీతమున్నవాడి పొట్ట కొడతాడు" అన్నారు. 74 రైల్వే సమ్మెలో మీరు ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, అయినా బయటికి వచ్చారు. అమ్మమ్మ వాళ్ళు ఈ సంబంధం వద్దన్నది కూడా అందుకేగా. అలాంటి మనిషి ఈ మాట అంటే నేను తేలిగ్గా తీసుకోలేను. వారం రోజులు ఆలోచించాను. మీరన్నది కొంత నిజమే. ఇక్కడ చాలా ఊళ్ళలో కౌన్సిళ్ళు డబ్బుల్లేవని లైబ్రరీలు వదిలేస్తే ఊరివాళ్ళే వంతులు వేసుకుని నడుపుతున్నారు. అక్కడ పనిచేసిన జీతగాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగరు. అందరూ వాలంటీర్లని మెచ్చుకుంటారు. నాకూ అది నచ్చదు. మా వార్డులో నర్సులు చాలని రోజున, ఎవరైనా వచ్చి ఊరికే చేస్తామంటే నేనే మొదట గొడవ పడతాను.

కానీ ఈ లైను వేరు నాన్నా. దీన్ని రైల్వేనే వద్దని పారేసింది. బిట్రగుంటలో స్టీము పోయాక షెడ్డు ఏమైందో, క్వార్టర్లు ఏమయ్యాయో మీరే కదా ప్రతి సంక్రాంతికీ చెప్పి, చెప్పాక గంటసేపు మాట్లాడకుండా కూర్చునేది. ఇక్కడివాళ్ళు అలా కూర్చోలేదు, అంతే. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకు పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, డ్యూటీకి రమ్మని రాత్రి రెండింటికి తలుపు తట్టే కాల్‌బాయ్. ఇంజన్లు కాపాడే తీరిక మీకెక్కడిది?

వీసాకి ఇబ్బందేమో అని తమ్ముడితో అడిగించారట. నా వీసా మీద స్వచ్ఛందంగా జీతం లేని పని చేసుకోవచ్చు, నిబంధనల్లోనే ఉంది. మా మేనేజరుకి కూడా చెప్పాను. భయం వద్దు.

అమ్మా, మొన్న ఆదివారం చింతపండు పులుసు పెట్టుకున్నాను. నువ్వు పంపిన వడియాలు అయిపోవచ్చాయి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉన్నావా? షుగరు మాత్ర వేసుకుని ఉపవాసం ఏమిటమ్మా? రేపు ఆఖరి సోమవారం. పళ్ళయినా తిను. నర్సు కూతురి మాట ఒక్కటైనా విను.

ఇక్కడి తెలుగువాళ్ళు ఉగాదికి లీడ్స్‌లో హాలు తీసుకుంటారు. రమ్మని పిలుస్తారు, పిలిచినట్టే పిలిచి వంటకి చేతులు చాల్లేదంటారు. పోయిన ఉగాదికి నూటయాభై మందికి పులిహోర కలిపాం. ముందు నేను వెళ్ళకూడదనుకున్నాను, అందరూ మొగుడూ పిల్లలతో వస్తారు, నన్ను చూడగానే ఇంకా పెళ్ళి కాలేదా అంటారు. అన్నారు కూడా. కానీ గరిటె చేతిలో ఉంటే ఆ ప్రశ్నలు తప్పించుకోవచ్చు, "ఉప్పు చూడండి" అంటే చాలు. ఈ ఊరికే చేసే పనుల్లో నాకు దొరికింది అదే. ఎక్కడికైనా చుట్టంలా వెళ్తే నాకు ఏం మాట్లాడాలో తెలియదు. చీపురో గరిటో ఉంటే అవతలివాళ్ళే మాట్లాడతారు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి పార్కుల్లో అయిదు కిలోమీటర్ల పరుగు ఉంటుంది, పార్క్‌రన్ అంటారు, డబ్బు తీసుకోరు. 2004లో లండన్‌లో పదమూడు మందితో మొదలైందట. మా వార్డు పిల్ల లాక్కెళ్ళింది. నేను పరిగెత్తను, రంగు కోటు వేసుకుని మలుపు దగ్గర నిలబడి దారి చూపిస్తాను. చివర వచ్చే ముసలమ్మ ప్రతిసారీ నాకు థాంక్స్ చెప్పి వెళ్తుంది. ఆవిడకి నా పేరు పలకడం రాదు, నాకు ఆవిడ యాస సగం అర్థం కాదు. ఇద్దరం హాయిగా ఉన్నాం.

హావర్త్ గురించి చెప్పలేదు కదూ. మా లైనులోనే స్టేషన్. బ్రాంటీ అక్కచెల్లెళ్ళు ముగ్గురు అక్కడ పాస్టరు గారి ఇంట్లో కూర్చుని నవలలు రాశారు. ఆ ఇల్లు 1928 నుంచి మ్యూజియం. చూడటానికి జపాన్ నుంచి ఎంతమంది వస్తారంటే, కొండ మీదికి వెళ్ళే దారి బోర్డుల మీద జపనీసులో కూడా రాశారు. తెలుగు లేదు. మీరొస్తే ఒకటి పెట్టిద్దాం.

మీరు రావాలి నాన్నా. రెండుసార్లు రానన్నారు. "అక్కడికొచ్చి నాలుగు గోడల మధ్య ఏం చేయను, నువ్వు డ్యూటీకి పోతావు" అన్నారు. న్యాయమే. మోకాలు ఆపరేషన్ అయ్యాక మీరు గేటు దాటడం లేదని, పేపరు చదివి పడుకుంటున్నారని తమ్ముడు చెప్పాడు. వాడి మీద కోప్పడకండి, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఎండాకాలంలో రండి, ఇక్కడ అప్పుడు రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురే. నేను డ్యూటీకి వెళ్ళేటప్పుడు మిమ్మల్ని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్తాను. ఫ్లాస్కులో టీ, చక్కెర లేకుండా. మీరేమీ చేయక్కర్లేదు, తప్పులు పట్టండి చాలు.

నాతో పాటు ఆదివారాలు వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, భార్య పోయి మూడేళ్ళు. ఇత్తడి తుడవడంలో నాకు గురువు. మీ గురించి చెప్పిన రోజు నుంచి నన్ను వదలడం లేదు. మన డబ్ల్యూజీ గూడ్సు స్టీము ఇంజన్లలో మొదటివి గ్లాస్గోలోనే తయారై వచ్చాయట కదా, ఆయనే చెప్పాడు. ఆయన ఒక చిన్న నోట్‌బుక్కులో మీకోసం ప్రశ్నలు రాసిపెట్టాడు. ఆయన రాసినవే రాస్తున్నాను, జవాబులు ఉత్తరంలోనే రాయండి, ఫోన్లో వద్దు. ఆయనకి చూపించాలి.

ఒకటి: మీరు పనిచేసిన ఇంజన్ల మీద గ్లాస్గో ప్లేటు ఉన్నది ఏదైనా గుర్తుందా?

రెండు: మన బొగ్గులో బూడిద ఎక్కువ కదా, దారిలో మంట ఎన్నిసార్లు సరిచేసుకునేవారు?

మూడు: మే నెల ఎండలో గూడూరు దాకా ఫుట్‌ప్లేట్ మీద ఎలా నిలబడేవారు? (ఇది నా ప్రశ్న కూడా.)

నాలుగు: చిత్తడిగా ఉన్న రోజు ఇత్తడి తుడవడానికి కాటన్ వేస్ట్ మంచిదా, పాత గుడ్డ మంచిదా? దీని మీద మా ఇద్దరికీ పందెం ఉంది. నేను కాటన్ వేస్ట్ అన్నాను. మీ మాటే ఆఖరు అనుకున్నాం.

డిసెంబర్లో పిల్లల కోసం క్రిస్మస్ తాత బండ్లు నడుపుతారు, ఆ ఆదివారాలకి నా పేరు ఇచ్చేశాను. ముందే చెబుతున్నాను, మళ్ళీ ఫోన్ పెట్టేయకండి.

మీ
చిట్టి

అమ్మా, ఉగాదికి ఎండబెట్టిన వేపపువ్వు ఇప్పటి నుంచే దాచిపెట్టు. పోయినసారి అక్కడ ఎవరి దగ్గరా లేక కాకరకాయ ముక్కలు వేశారు. పార్సిల్లో పైన పసుపు, కింద వేపపువ్వు పెట్టు, వాసన కలవకుండా విడివిడిగా కట్టు. నాన్న పాత యూనిఫాం మాత్రం ఉతకొద్దు.