గండికోటలో డ్రాగన్ ఎందుకురా?

వార్సా,
నవంబరు 3

ఒరేయ్ చిన్నోడా,

గండికోట మీద నువ్వు చేసిన కంప్యూటర్ ఆట రెండుసార్లు ఆడాను. మొన్న ఫోన్‌లో అడిగితే "బాగుంది" అని తప్పించుకున్నా గదా, ఆ ఒక్క మాటకు నీ మొహం ఎట్లా వాడిపోయిందో చూశాను. నీ వెనక నిలబడి అమ్మ "పిల్లోడు రాత్రిళ్లు నిద్ర మానుకుని చేసినాడు, బాగుందని చెప్పు" అని చేతులతో సైగలు చేస్తుంటే ఇంకేం చెప్పేది? అందుకే ఈ ఉత్తరం. అమ్మ చేతికి మాత్రం ఇవ్వొద్దు.

ముందు బాగున్నవి చెప్తా. సాయంత్రం పూట పెన్నా లోయ అంచున రాయి ఎరుపెక్కే తీరు అచ్చం అట్లనే వచ్చింది. ఆ అంచున గంటలు గంటలు కూర్చున్నవాళ్లకే అది వస్తుంది. ధాన్యాగారం లోపలికి పోగానే అడుగుల చప్పుడు మారుతుంది, అది కూడా విన్నాను. బొమ్మలు గీసిన పిల్లకు నా తరఫున ఒక మసాలా దోశ ఇప్పించు. నువ్వు తినొద్దు, నీకింకా తిట్లున్నాయి.

మొదలే తప్పు పెట్టావు. పెమ్మసాని నాయకులు, గోల్కొండ సైన్యం, మీర్ జుమ్లా అంటూ అక్షరాలు పైకి పోతూనే ఉన్నాయి. ఆ లోపల నేను కూరకు ఎర్రగడ్డలు తరుక్కుని వచ్చాను. చరిత్ర బాగుంది, కాదనను. కానీ ఆడేదానికి కూర్చున్న మనిషి చేతిలో ఇంకా ఏమీ పెట్టకుండానే పరీక్షకు చదివించినట్టుంది. సరే, అది అయింది. ఊరి పెద్ద కనబడి పది నక్క తోళ్లు తెమ్మన్నాడు. తెచ్చాను. ఇంకో ఇరవై తెమ్మన్నాడు. ఎందుకో అడుగుదామంటే ఆ వీలే లేదు. ఇరవై తెచ్చి ఇచ్చినాక నాకు యాభై వరహాలిచ్చి, మళ్లీ రచ్చకట్ట మీద బొమ్మలాగా నిలబడ్డాడు. ఆ తోళ్లు ఏం చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాల.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే పెనం కథ మళ్లీ చెప్తా, ఓపిక పట్టు. ఈ ఊళ్లోనే తయారైన 'విచర్ 3' అనే కంప్యూటర్ ఆటలో, 2015లో వచ్చింది, మొదట్లోనే ఒక ముసలామె తలుపు ముందర నిలబడి ఉంటుంది. ఇంట్లో తన పెనం ఉండిపోయింది, తెచ్చివ్వు నాయనా అంటుంది. అంతే పని. రాక్షసులను చంపి బతికే వీరుడికి పెనం తెచ్చే పని! నవ్వుకుంటా లోపలికి పోతే అక్కడ ఒక మనిషి చచ్చి పడి ఉంటాడు. పెనం దొరుకుతుంది గానీ దాని మసి అంతా ఎవరో గీకేసి ఉంటారు. ఎందుకు గీకారు? ఆ మసితో సిరా చేసుకున్నారు. అంటే ఈ గుడిసెలో ఎవరో రహస్యంగా ఏదో రాశారు. యుద్ధం జరిగే ఊళ్లో ఒక దోశ పెనం అంత దూరం తీసుకుపోతుంది. చూడబోతే నీదీ తెచ్చిపెట్టే పనే, ఇదీ తెచ్చిపెట్టే పనే. నీ తోళ్ల కింద మాత్రం ఏమీ లేదు. ఊరి పెద్ద ఆ తోళ్లు ఎవరికి అమ్ముతున్నాడు? కోటలో వాడికా, కోట ముట్టడించే వాడికా? అది నాకు సగంలో తెలిసి ఉంటే మిగిలిన పదీ తేవాలా వద్దా అని కూర్చుని ఆలోచించేదాన్ని.

ఇంక ఆ డ్రాగన్. గండికోటలో డ్రాగన్ ఎందుకురా? మసీదుకూ మాధవరాయ గుడికీ నడుమ రెక్కలేసుకుని తిరుగుతా ఉంది. దానికి తోడు ఒక టావెర్న్, అదే ఆ దేశాల సారా అంగడి, అందులో చెక్క మగ్గులు. జమ్మలమడుగులో టావెర్న్ ఎక్కడ చూశావు? టీ అంగడి పెట్టుకో, లేదా సత్రం పెట్టు.

మొన్న ఒకటో తేదీ ఇక్కడ చనిపోయినవాళ్ల పండుగ. మనం మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకుంటామే, దాదాపు అట్లాంటిది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. ఆఫీసులో నా పక్క సీటు ఆమె తనతో పాటు శ్మశానానికి తీసుకుపోయింది. ఒక్కో సమాధి మీద గాజు గిన్నెల్లో దీపాలు, వేలకు వేలు. చలికి చేతులు జేబుల్లోంచి తీయలేకపోయాను. ఆమె వాళ్ల నాయనమ్మ దగ్గర ఒక దీపం నన్ను పెట్టమంది. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. ఇంటికొచ్చినాక తట్టింది, విచర్‌లో చెరువు పక్కన రాత్రిపూట చనిపోయినవాళ్లను పిలిచి అన్నం పెట్టే తంతు ఒకటి ఉంది గదా, అది ఇట్లాంటిదే. మిట్టమధ్యాహ్నం చేలల్లో తిరిగే ఆడదయ్యం కూడా వీళ్ల పల్లెల్లో చెప్పుకునేదే. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దు, గాలి సోకుతుందని జేజి మనల్ని అరిచేది గుర్తుందా? వాళ్లు తమ జేజిల మాటలు పెట్టుకున్నారు, లోకమంతా కొనుక్కుని ఆడింది. 2011లో ఒబామా ఇక్కడికొస్తే అప్పటి ప్రధాని ఆయనకు విచర్ రెండో భాగం కానుకగా ఇచ్చాడు, అంత గొప్ప వీళ్లకు. నువ్వేమో జేజిని వదిలిపెట్టి డ్రాగన్‌ను తెచ్చుకున్నావు.

ఇదంతా దిద్దుకోవచ్చు. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే ఉంది.

రెండోసారి ఆడినప్పుడు కావాలనే ఒక రైతు గడ్డివామికి నిప్పు పెట్టాను. కాగడా నువ్వే ఇచ్చావు, వామి అంటుకునేట్టు నువ్వే చేశావు. మంట ఎంత బాగా గీశారంటే నాకే భయమేసింది. ఆ రైతు దగ్గరికి పోయి మాట్లాడితే ఏమన్నాడో తెలుసా? "ఈ ఏడు వానలు బాగుంటాయంట" అన్నాడు. వెనక వామి కాలిపోతా ఉంది! నవ్వొచ్చింది, ఆ నవ్వుతోటే ఆట మీద మనసు కూడా పోయింది. అక్కడి నుంచి నేనేం చేసినా ఒకటే అని తెలిసిపోయింది గదా.

మన ఊరు అట్లనా? నాకు పదేళ్లప్పుడు మేకల అవ్వ దొడ్డి గేటు వేయకుండా వచ్చేసినాను. మేకలు పోయి ఎవరి చేన్లోనో చెనిగ చెట్లన్నీ మేసినాయి. నాయన పోయి దండుగ కట్టినాడు. మళ్లీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పదిహేనేళ్ల తర్వాత నేను ఈ దేశానికి బయలుదేరిన రోజు, పెట్టెలు ఆటోలో పెడుతుంటే ఆ అవ్వ వచ్చి చేతిలో వంద రూపాయలు పెట్టి, "ఆ పొద్దు గేటు వేయకుండా పోతివి, ఈ పొద్దయినా వేసి పో" అన్నది. నవ్విందో, తిట్టిందో ఇప్పటికీ తెలియదు.

ఆట బతికేది అక్కడే అనిపిస్తుంది నాకు. విచర్‌లో ఒక చెట్టు కింద కట్టుబడి ఉన్న ఆత్మను విడిపించాలా, చంపాలా అని అడుగుతారు. నేను విడిపించాను, మంచిపనే అనుకున్నాను. చాలాసేపటికి, ఆ సంగతి మర్చిపోయినాక, ఒక ఇంటి ముందుకు పోతే దాని ఫలితం కనిపించింది. నువ్వు ఆడలేదు కాబట్టి ఏమిటో చెప్పను. లేచి టీ పెట్టుకుని, దాన్ని తాగడం మర్చిపోయాను. దానికి ఎదురు 'మాస్ ఎఫెక్ట్'. మూడు ఆటల పాటు నేను చేసినవన్నీ గుర్తుపెట్టుకుంటా వచ్చి, 2012లో మూడో దాని చివర్లో మూడు రంగుల వెలుగు చూపించి పంపించేశారు. జనం ఎంత గొడవ చేశారంటే ఆ ఏడే ముగింపును పెంచి ఉచితంగా ఇచ్చారు. అప్పటికి నా కోపం చల్లారలేదులే.

దీనికి డబ్బు కావాలని సాకు చెప్పొద్దు. 'అండర్‌టేల్' అనే ఆట 2015లో చాలావరకు ఒక్క మనిషి చేసిందే. అందులో మొదట్లో నిన్ను కన్నబిడ్డలా చూసుకునే ఆమెను చంపేసి, అయ్యో అని వెనక్కిపోయి ఈసారి చంపకుండా వచ్చావనుకో, ఎదురుగా ఒక పువ్వు నిలబడి నువ్వు చేసిన పని నాకు తెలుసులే అన్నట్టు మాట్లాడుతుంది. వెనక్కి తిప్పుకున్నా ఆట మర్చిపోదు! నా ఒళ్లు జలదరించింది.

ఒక్కటి ఒప్పుకోవాల. ఆటను మేం ఆడేవాళ్లం కూడా చెడగొట్టుకుంటాం. 'బాల్డర్స్ గేట్ 3'లో ఇరవై ముఖాల పాచిక తెర మీదే దొర్లుతుంది. నేను ప్రతి పాచికకూ ముందు ఎఫ్5 నొక్కి ఆటను ఉన్నచోట దాచుకుని, ఓడితే ఎఫ్8 నొక్కి అక్కడికే వెనక్కిపోయి, మళ్లీ వేసి, అట్లా ఒక వారం అన్నింటా గెలిచాను. ఏమీ గుర్తులేదు. తర్వాత ఆ మీటల జోలికి పోకుండా ఆడితే, ఒకటి పడి మాట బెడిసికొట్టి, కాపలావాళ్లు పట్టుకుని చెరసాలలో వేశారు. అక్కడి నుంచి తప్పించుకున్న రాత్రి మాత్రం ఇంచు ఇంచూ చెప్పగలను. కాబట్టి నీ ఆటలో ఓడినవాడికి కూడా ఒక దారి ఉంచు, 'మళ్లీ ప్రయత్నించండి' అని రాసి వదిలేయొద్దు.

చిన్నచిన్నవి రెండున్నాయి. నేను బలం పెంచుకునే కొద్దీ నక్కలు కూడా బలం పెంచుకుంటున్నాయి, అది తీసెయ్. 2006లో 'ఆబ్లివియన్' ఇదే చేసి నవ్వులపాలైంది. దారిదోపిడీవాడు రాజులకు కూడా దొరకని కవచం వేసుకుని వచ్చి, వంద నాణేలు ఇమ్మని బెదిరించేవాడు. రెండోది బరువు. నీ వీరుడు నలభై కత్తులు, రెండు తిరగలి రాళ్లు, ఒక బండిచక్రం మోసుకుని పరిగెత్తుతున్నాడు. 'స్కైరిమ్'లో మొదట మూడు వందలు దాటితే నడకే, పరుగు లేదు. ఎయిర్‌పోర్టులో 23 కిలోలు దాటిందని పెట్టె విప్పి కూర్చుని, స్వెటరా చెనక్కాయల పొడా అని నేను ఏడ్చింది నీకు తెలుసు గదా. పొడే ఉంచుకున్నా. డిసెంబరులో వణికినాను గానీ ఆ పొడి సంక్రాంతి దాకా వచ్చింది. అట్లాంటి ఇబ్బంది పెట్టు మాకు.

నాయన మోకాలి నొప్పికి మందు మానేసినాడని అమ్మ అంటోంది, కొంచెం చూసుకో. డబ్బులు పదో తేదీకి పంపుతా, అందులో నీ కంప్యూటర్‌కు మెమరీ కోసం కూడా కొంత ఉంటుంది. అది బూట్లకు వాడొద్దు.

డ్రాగన్‌ను తీసేసిన చోట ఒక మేకల దొడ్డి పెట్టు. గేటుకు కిర్రుమనే చప్పుడు ఉండాల, అవ్వ మంచం మీద కూర్చుని ఉండాల. మళ్లీ పంపినప్పుడు నేను ముందు ఆ గేటు తీసిపెట్టి, వెనక్కి చూడకుండా కోటలోకి పోతా. తిరిగి వచ్చేటప్పటికి అవ్వ ఏమంటుందో చూడాల.

నీ అక్క