ఎర్ర మెరుపు ట్రాన్స్‌మిటర్ ప్రమాదానికే ఉంచాలి

సంపాదక మహాశయా,

హామ్ రేడియో (అభిరుచిగా నడిపే వైర్‌లెస్) సాఫ్ట్‌వేర్‌లో హెచ్చరికలు ఎంతగా కళ్లలో పడాలన్న దానిపై రాసేవాళ్లకీ వాడేవాళ్లకీ వాదన తెగడం లేదు. కొత్త దేశం, అంటే ఇంతవరకు మాట్లాడని దేశపు స్టేషన్, వినబడగానే తెరమీద దాని వరుసంతా ఎర్రగా వెలిగి ఆరాలని కొందరు, ఆ హడావుడే వద్దని మరికొందరు. వెలిగి ఆరే హెచ్చరిక ఉండి తీరాలి, కానీ అది మన సొంత ట్రాన్స్‌మిటర్ ప్రమాదంలో పడినప్పుడే కనబడాలి అన్నది నా వాదన.

కంప్యూటర్ సాయంతో చిన్న సందేశాలను వంతులవారీగా మార్చుకునే ఎఫ్‌టీ8 పద్ధతి సంగతే చూడండి. 15 సెకన్ల వంతులో ప్రసారానికే 12.64 సెకన్లు పోతాయి. మిగిలిన రెండు సెకన్ల చిల్లరలో డీకోడ్ (వచ్చిన సంకేతాలను అక్షరాల్లోకి మార్చడం) ముగియాలి, ఎవరికి జవాబివ్వాలో మనం తేల్చుకోవాలి. ఎఫ్‌టీ8 వాడే 14.074 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రద్దీగా ఉన్నప్పుడు ఒక్క వంతులోనే ముప్పై, నలభై వరుసలు వచ్చిపడతాయి. కొత్త దేశం, కొత్త గ్రిడ్ (మ్యాప్‌లో ఒక గడి), కొత్త కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) అంటూ వాటిలో ఆరేడు ఒకేసారి మిణుకుమంటే చూపు దేనిమీదా నిలవదు. జాబితా పైకి జరిగే క్షణంలో డబుల్ క్లిక్ కింది వరుస మీద పడి, పిలవాలనుకోని స్టేషన్‌ను పిలుస్తాం.

అరుదైన స్టేషన్ చేజారితే ఎలా అంటారు. సీక్యూ, అంటే ఎవరైనా జవాబివ్వండన్న పిలుపు, ఇచ్చే స్టేషన్ జవాబు రాకపోతే సాధారణంగా 30 సెకన్లకు మళ్లీ పిలుస్తుంది, కాబట్టి పోయేది అర నిమిషం. 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దూరపు స్టేషన్లకు దారి కాసేపే తెరుచుకుంటుంది కనుక అక్కడ ఆ ఆత్రుతకు అర్థముంది. అక్కడైనా నిలకడైన రంగు, ఒక బీప్ చాలు. అదే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు నుంచి పవర్ ఎంతగా వెనక్కి వస్తోందో చెప్పే నిష్పత్తి) 3కి చేరిందంటే పంపిన పవర్‌లో పాతిక శాతం వెనక్కి కొడుతోందన్నమాట. ఎఫ్‌టీ8లో మాటల మధ్య విరామం లాంటిది లేదు, వంతు పొడవునా ఫైనల్స్ (ట్రాన్స్‌మిటర్ చివరి పవర్ దశ) వేడెక్కుతూనే ఉంటాయి. ఎఫ్‌టీ8 నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్‌లోని వాచ్‌డాగ్ (కాపలా టైమర్) మామూలు అమరికలో 6 నిమిషాలకు ప్రసారాల పరంపరను ఆపుతుంది. కానీ యూఎస్‌బీ కేబుల్‌లోకి ఆర్‌ఎఫ్ (మన రేడియో తరంగాలే) చొరబడి పీటీటీ (ప్రసారాన్ని మొదలుపెట్టి ఆపే స్విచ్) వదలకపోతే అది చేయగలిగిందేమీ లేదు. మెరుపు అవసరమైంది ఇక్కడ.

హెచ్చరికలు మరీ ఎక్కువైతే ఏమవుతుందో పరిశ్రమలు ఎప్పుడో చూశాయి. 1994 జూలైలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. అసలు ముప్పును చెప్పేవి ఆ గుంపులో కలిసిపోయాయి. విమానాల కాక్‌పిట్‌లో వెంటనే చేయి కదపాల్సిన ముప్పుకు ఎరుపు, వెంటనే తెలుసుకుని తర్వాత సరిచేయాల్సిన దానికి అంబర్ (ముదురు పసుపు) అన్న కట్టుబాటు ఉంది. మనకూ ఆ విభజనే సరిపోతుంది. కంప్యూటర్ గడియారం సెకను తప్పినా, సౌండ్‌కార్డులోకి వచ్చే శబ్దం హద్దు మీరినా నిలకడగా ఉండే అంబర్. కొత్త దేశానికి నేపథ్య రంగు, వరుస చివర ఒక చిన్న మాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లకు ఆ మాటే ఆధారం.

ఎస్‌డబ్ల్యూఆర్ హెచ్చరిక రాసేవారు ఒకటి గమనించాలి. ఎస్‌ఎస్‌బీలో, అంటే గొంతుతో మాట్లాడే పద్ధతిలో, అక్షరానికీ అక్షరానికీ మధ్య పవర్ పడిపోతుంది. అప్పుడు చిన్న అంకెను చిన్న అంకెతో భాగించి అర్థంలేని విలువలు వస్తాయి, దీపం ఊరికే గంతులేస్తుంది. ఫార్వర్డ్ పవర్ (యాంటెన్నా వైపు వెళ్లేది) ఒక హద్దు దాటాకే లెక్క వేయాలి. 3 దగ్గర వెలిగిస్తే 2.5 కిందికి దిగాకే ఆర్పాలి. ఆ స్థితి 300 మిల్లీసెకన్లు నిలిస్తేనే నమ్మాలి. ఇవి లేకుండా వచ్చిన దీపాన్ని వాడేవాళ్లు రెండో రోజే ఆపేస్తారు, నిజంగా ఫీడర్ (యాంటెన్నాకు వెళ్లే కేబుల్) తెగిన రోజున తెరమీద ఏమీ ఉండదు.

మెరుపుకూ హద్దుండాలి. వెబ్ పేజీలకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం సెకనుకు మూడు మెరుపులు దాటొద్దంటుంది, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉన్నవారి కోసం. తనంతట తాను మొదలై 5 సెకన్లు మించి మిణుకుమనేదాన్ని ఆపే వీలుండాలనీ అంటుంది. సెకనుకు ఒకటి చొప్పున నాలుగు మెరుపులు, ఆపైన చూశామని నొక్కేదాకా నిలకడైన ఎరుపు ఉంటే సరిపోతుంది. ఇది చెవులు వినబడని ఆపరేటర్లకూ అక్కరకొస్తుంది. వారికి బీప్ దారి లేదు, కాబట్టి కంటి హెచ్చరికలన్నీ తీసేయమనే పక్షంతోనూ నేను ఏకీభవించను.

అన్నిటికన్నా చెడ్డది కీబోర్డును లాక్కునే పాప్‌అప్ కిటికీ. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఎస్కేప్ కీ నొక్కితే ప్రసారం ఆగుతుంది. ఆ సమయంలో వేరే ప్రోగ్రామ్ కిటికీ ముందుకొచ్చి కూర్చుంటే అదే కీ ఆ కిటికీని మూస్తుంది, ప్రసారం మాత్రం సాగుతూనే ఉంటుంది. హెచ్చరిక ఎంత పెద్దదైనా తెరలో తన మూలన తాను వెలగాలి, కీబోర్డు జోలికి రాకూడదు. ఇన్‌స్టాల్ చేయగానే ఉండే అమరిక ఇలాగే ఉండాలి. రంగుల హంగు కావాలనుకునేవారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకుంటారు.

— ఒక హామ్ రేడియో ఆపరేటర్