పశువైద్యానికి బయాలజీ పాసైతే చాలదు

సంపాదకులకు,

ఇంటర్‌ ఫలితాలు రాగానే మన కడప జిల్లాలో ఏటా ఒక ప్రశ్న లేస్తుంది. ఇంట్లో జీవాలూ ఎనుములూ ఉండి, ఎవరో చెప్పారని ఎంపీసీలో చేరిన పిల్లలు, ఇప్పుడు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో సీటు కావాలంటే ఏం చేయాలని అడుగుతారు. బయాలజీ ఒక్కటి రాసుకుంటే సరిపోతుందని చాలామంది చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. మిగతా సగం తెలియక పిల్లలు ఏడాదికి ఏడాది పోగొట్టుకుంటున్నారు.

మొదటి పొరపాటు ఎంబీబీఎస్‌ నియమాన్ని పశువైద్యానికి అంటగట్టడం. పన్నెండో తరగతి అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్‌ 2023 నవంబర్‌లో ప్రకటించింది. అది డాక్టర్‌ చదువు గురించి. పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీకి ప్రమాణాలు నిర్ణయించేది 1984 చట్టం కింద ఏర్పడిన భారత పశువైద్య మండలి. నీట్‌ ర్యాంకు చూసి సీట్లు ఇచ్చేది తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. కాబట్టి ఫీజు కట్టకముందే విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు రాసి, ‘ఎంపీసీ మెమోతో పాటు ఫలానా బోర్డు బయాలజీ మెమో అంగీకరిస్తారా’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఫోన్‌లో ఎవరో ‘పరవాలేదు’ అన్న మాట సర్టిఫికెట్ల పరిశీలన రోజున పనికిరాదు.

ఇక బయాలజీ ఎక్కడ రాయాలి? 2025-26లో ఇంటర్‌ మొదటి సంవత్సరంలో చేరినవాళ్లతో మొదలుపెట్టి మన బోర్డు బోటనీ, జువాలజీని కలిపి బయాలజీ చేసింది, ఎంపీసీ వాళ్లు దాన్ని అదనంగా తీసుకునే వీలూ ఇచ్చింది. ఇప్పుడు చదువుతున్నవాళ్లకు అదే సుఖం. ఇప్పటికే ఎంపీసీ పాసైనవాళ్లకు ఎన్‌ఐఓఎస్‌, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఒక దారి. అక్కడ సీనియర్‌ సెకండరీ బయాలజీ కోడ్‌ 314. ఒక్క సబ్జెక్టుకే పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ అలా రాస్తే చేతికొచ్చేది ఆ సబ్జెక్టు మార్కుల మెమో మాత్రమే. దాన్ని ఇంటర్‌ మెమోకు జత చేసి చూపాల్సిందే. ఒకేషనల్‌ విద్యార్థుల బ్రిడ్జి కోర్సునూ దీన్నీ ఒకటిగా కలిపి చెప్పే ప్రకటనలను నమ్మొద్దు, అది వేరు.

ఎన్‌ఐఓఎస్‌ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌–మేలో ఒకసారి, అక్టోబర్‌–నవంబర్‌లో మరోసారి. అక్టోబర్‌లో రాయడమే మేలు. నీట్‌ దరఖాస్తు నాటికి మెమో చేతిలో ఉంటుంది. ఏప్రిల్‌లో రాస్తే ఈ పరీక్ష, నీట్‌, ఫలితం కోసం ఎదురుచూపు, కౌన్సెలింగ్‌ తేదీలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

థియరీ 80, ప్రాక్టికల్‌ 20. రెండింటిలో విడివిడిగా 33 శాతం రావాలి. పిల్లలు తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది ఆ 20 దగ్గరే. ఎంపీసీలో మైక్రోస్కోప్‌ ముట్టనివాళ్లకు ఉల్లి వేరు కొనతో సమవిభజన, అంటే ఒక కణం రెండుగా విడిపోవడం, చూపించే ప్రయోగం చూడ్డానికి సులువు, చేయడానికి కాదు. ఉల్లిగడ్డను నీళ్ల మీద పెడితే మూడు నుంచి ఆరు రోజుల్లో వేళ్లు వస్తాయి. కోయాల్సింది ఉదయం ఎనిమిదిన్నర, పది మధ్య, కణాలు ఎక్కువగా విభజన చెందేది అప్పుడే. మధ్యాహ్నం కోసి ‘స్లైడ్‌లో ఏమీ కనబడలేదు’ అనేవాళ్లే ఎక్కువ. కోసిన వేళ్లను ఎసిటిక్‌ ఆమ్లం ఒక వంతు, ఆల్కహాల్‌ మూడు వంతులు కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్‌ ఆమ్లంలో కొద్దిగా వెచ్చబెట్టి, ఎసిటోకార్మైన్‌ రంగు పట్టించి, కొన నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉంచుకుని మిగతాది పారేయాలి. స్లైడ్‌ మీద కప్పిన పలుచని గాజు ముక్కను, అంటే కవర్‌స్లిప్‌ను, బొటనవేలితో నేరుగా కిందికి నొక్కాలి. పక్కకు జరిగితే కణాలన్నీ నలిగి క్రోమోజోములు గీతలవుతాయి. దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేరు, పదిసార్లు చెయ్యాలి.

తర్వాత మార్కుల లెక్క. బీవీఎస్సీకి ఇంగ్లిషు, భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు కలిపి జనరల్‌ అభ్యర్థికి 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది. పాత పద్ధతి మెమోలో ఇంగ్లిషు 200కు 110, భౌతికం 150కి 75, రసాయనం 150కి 72 వచ్చాయనుకుందాం. అది 500కు 257. బయాలజీలో 33తో బొటాబొటిన గట్టెక్కితే 600కు 290, అంటే 48 శాతం పైచిలుకు. పాసైనట్టే, సీటుకు మాత్రం అనర్హులు! ఆ విద్యార్థికి బయాలజీలో కనీసం 43 కావాలి. మెమో తీసి ఈ లెక్క ముందే వేసుకుంటే గురి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360. తెలుగులో రాయొచ్చు, గరిష్ఠ వయసు పరిమితి 2022లో పోయింది. కానీ సీటిచ్చే విశ్వవిద్యాలయం వేరే వయసు నిబంధన పెట్టుకోవచ్చు. డిగ్రీ అయ్యాక ఇటు మళ్లాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆ ఏటి ప్రవేశ ప్రకటనలోని వయసు వాక్యమే. కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఇంట్లోవాళ్లకు ఆ సంగతీ చెప్పాలి.

మా అభ్యర్థన రెండు మాటలు. ఎంపీసీ పాసైనవాళ్లు తెచ్చే బయాలజీ మెమోల్లో ఏ బోర్డువి చెల్లుతాయో విశ్వవిద్యాలయం ప్రవేశ ప్రకటనలోనే ఒక వాక్యంలో ముద్రించాలి. రెండోది, ప్రభుత్వ జూనియర్‌ కళాశాలల బయాలజీ ల్యాబులు వేసవి సెలవుల్లో మూతపడి ఉంటాయి. ఇలాంటి అభ్యర్థులకు నామమాత్రపు రుసుముతో వాటిని ఉదయం పూట రెండు వారాలు తెరిచి పెట్టాలి. మైక్రోస్కోపులు అక్కడే ఉన్నాయి, ఉల్లిగడ్డలు పిల్లలే తెచ్చుకుంటారు.

— జంతుశాస్త్ర అధ్యాపకులు,
ప్రొద్దుటూరు