ఆ చలి రాత్రి పొయ్యి వెలిగించిన పెద్దాయనకు

డిసెంబరులో అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో, బైబరీ అనే ఊరి దగ్గర ఒక పాత రాతి కాటేజీలో దిగాం. అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, పైగా కరెంటు పోయి హీటింగ్ ఆగిపోయింది, అమ్మ వణికిపోతుంటే నాకు ఒకటే టెన్షన్. ఇంట్లో కట్టెల స్టవ్ ఉంది కానీ కట్టెలన్నీ తడి.

పక్కింటి పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చారు. చూసి, ఏమీ అనకుండా తన షెడ్డులోంచి బుట్టెడు ఎండు కట్టెలు తెచ్చి, ఆ వయసులో మోకాళ్ల మీద కూర్చుని, స్టవ్‌కి గాలి అందే మూత పూర్తిగా తెరిచి, సన్న పుల్లలు పేర్చి వెలిగించారు, మంట అందుకున్నాక మూత ఎంత మూయాలో నా చేతే చేయించారు. అంతటితో వెళ్లిపోవచ్చు కదా! మళ్లీ వచ్చి, ఉన్ని తొడుగు వేసిన వేడినీళ్ల సంచీ అమ్మ ఒళ్లో పెట్టారు. ఇంగ్లిష్ రాని అమ్మ చేతులు జోడిస్తే ఆయనా జోడించారు.

పెద్దాయనా, మీకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. మీరు చల్లగా ఉండాలి.