మా చిన్నాన్నకు మళ్లీ ఒక అడ్రస్ ఇచ్చినవాళ్లకు

ఒడిశాలోని బరంపురం బస్టాండు దగ్గర అరుగు మీద పడుకుంటున్న ముసలాయన మా చిన్నాన్నే అని నాకు తెలిసేసరికి పదకొండు రాత్రులు గడిచిపోయాయి. నేను సూరత్‌లో పవర్‌లూమ్ పనిలో ఉన్నాను. గంజాం జిల్లా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లకు లెక్కలేదు, వాళ్లలో నేనొకణ్ణి. ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నాన్రా, టెన్షన్ పడకు" అనేవాడు. నమ్మేశాను. నమ్మితే నాకూ సుఖమే కదా.

చిన్నాన్న బరంపురం పట్టు నేస్తాడు. మగ్గం తనది కాదు, ఇల్లూ తనది కాదు, రెండూ ఒకాయనవే. కళ్లలో శుక్లాలు వచ్చాయి, పోగు తెగితే కనబడదు, చీర ఆలస్యమవుతుంది, కూలి తగ్గుతుంది. నాలుగు నెలల అద్దె బాకీ పడింది. ఖాళీ చేయమన్నారు. ఇంటాయన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, నాలుగు నెలలు ఓర్చుకున్నాడు. ఒక్క గుడ్డసంచిలో రెండు పంచెలు, ఒక నాడె (మగ్గంలో అడ్డపోగు నడిపే పనిముట్టు) పెట్టుకుని బయటికి వచ్చాడు మా చిన్నాన్న. మగ్గం లేకుండా నాడె ఎందుకో ఇప్పటికీ అడగలేదు. పగలు ఒడిశా ప్రభుత్వం నడిపే ఆహార కేంద్రంలో 5 రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) తినేవాడట. రాత్రికి ఏమీ లేదు.

పన్నెండో రాత్రి, ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే మున్సిపల్ కార్పొరేషన్ సర్వే వాళ్లు టార్చిలైటు పట్టుకుని వచ్చారు. అందులో ఒకమ్మాయి పక్కన కూర్చుని "మౌసా, భోజనం చేశారా?" అని ముందు అడిగింది. మౌసా అంటే ఒడియాలో బాబాయి అన్నట్టు. ఆధార్ తర్వాత అడిగింది. ఆ వరస నాకు చాలా నచ్చింది. ఆ రాత్రే ఇల్లు లేనివాళ్ల షెల్టర్‌కి తీసుకెళ్లారు.

పెద్ద పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక షెల్టర్ 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే మా ఊరి జనాభా మూడున్నర లక్షలు. ఆ లెక్కన ఎన్ని కావాలో మీరే చూసుకోండి. మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని కేంద్ర పథకం నిబంధన. మా చిన్నాన్న మగ్గం గుంట ఉన్న గదిలో పడుకోవడానికి అంత చోటు ఉండేది కాదు.

కానీ నేను దండం పెట్టేది మంచానికి కాదు, కాగితాలకు. షెల్టర్ అడ్రస్ మీద ఆధార్ మార్పించారు. అరవై దాటి నాలుగేళ్లయినా "నేనింకా పనిచేస్తున్నాగా" అని అప్లై చేయని మధుబాబు పింఛనుకు (ఒడిశా ప్రభుత్వం వృద్ధులకిచ్చే పింఛను) ఆ అమ్మాయే ఫారం నింపింది. ఊళ్లోని ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి కళ్లు చూపించారు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. మొదటి రెండు నెలలు నేను కడుతున్నాను, అది నా వంతు.

ఫోన్‌లో ఆ అమ్మాయికి థాంక్స్ చెబితే ఒక మాట అంది. "అద్దె బాకీ మొదటి నెలలోనే మాకెవరైనా చెప్పి ఉంటే మౌసా ఇక్కడిదాకా రానక్కర్లేదు. కళ్లు చూపించి, పింఛను పెట్టి, ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లం." నాకు నోట మాట రాలేదు. ఆ నాలుగు నెలల్లో నేను కనీసం ఇరవైసార్లు ఫోన్ చేసి ఉంటాను. అద్దె సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

ఒడిశా 2017లో బస్తీల వాళ్లకు భూమి హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది. అది సొంత గుడిసె ఉన్నవాళ్లకు. అద్దె గదుల్లో నేసేవాళ్ల సంగతి వార్డు కార్పొరేటర్లు చూడాలి. మీ వీధిలో అలాంటివాళ్లుంటే దయచేసి వాళ్లకు చెప్పండి.

సర్వేకి వచ్చినవాళ్లకు, షెల్టర్‌లో రాత్రి కాపలా ఉండి చిన్నాన్న కంట్లో చుక్కలు వేసిన అన్నకు, ఫారం నింపిన ఆ చెల్లికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. చిన్నాన్న తెలిసినవాళ్ల మగ్గం మీద ఆ అమ్మాయికి ఒక కండువా నేస్తున్నాడు. ఆమె వద్దంటోంది, ఉద్యోగంలో అలాంటివి తీసుకోకూడదట. ఈయన మాత్రం అంచుకి ఏ రంగు వేయమంటావని నన్ను రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు.