పడవ బండికి గాలి సెన్సర్లు: నువ్వడిగిన దానికి జవాబు

వనస్థలిపురం, హైదరాబాద్
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, పడవ ట్రెయిలర్ టైర్లకు గాలి సెన్సర్లు పెట్టిస్తే పనికొస్తాయా, దండగా అని. అల్లుడు గారు వద్దంటున్నారు, నువ్వు కావాలంటున్నావు, మధ్యలో నన్ను పంచాయితీకి కూర్చోబెట్టారు. నా మాట సగంలో ఉండగానే నీకు ఇంకో కాల్ వచ్చింది. అందుకే కాగితం మీద రాసి, మీ అమ్మతో ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపుతున్నా. పేజీలు తారుమారైతే తప్పు నాది కాదు.

ముందే తీర్పు చెప్పేస్తా. పెట్టించు. కానీ అది ఏం చూస్తుందో, ఏం చూడదో తెలుసుకొని పెట్టించు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1984లో, ఆటోనగర్‌లో టైర్ల షాపు పెట్టకముందు, నేను లారీ మీద క్లీనర్‌ని. మిర్యాలగూడ మిల్లులో బియ్యం ఎత్తుకొని పట్నం వస్తున్నాం. బండి ఆగిన ప్రతిచోటా దిగి, జాకీ రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చూడటం క్లీనర్ పని. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి చేతిలోకి వస్తుంది. లేకపోతే ‘దబ్’మని చచ్చిన చప్పుడు, రాడ్డు అక్కడే అతుక్కుపోయినట్టుంటుంది. నార్కట్‌పల్లిలో ఆగేసరికి కుండపోత వాన. హోటల్ రేకుల కింద చాయ్ తాగుతూ, ‘అన్నీ కొట్టిన’ అని డ్రైవర్‌కు అబద్ధం చెప్పాను. చౌటుప్పల్ రాకముందే రబ్బరు కాలుతున్న వాసన. ఎడమవైపు జోడులో లోపలి టైరుకు గాలి ఎప్పుడో పోయింది. పక్క టైరు దాని బరువు కూడా మోసీ మోసీ, మేం బండి పక్కకు తీస్తుండగా పేలింది. డ్రైవర్‌కు అప్పటిదాకా ఏమీ తెలియలేదు. జోడుది మోస్తుంటే ఎట్లా తెలుస్తుంది? ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రెండు టైర్లూ వానలోనే నాతో ఒక్కడితోనే విప్పించాడు.

నీ ట్రెయిలర్ కథా అదే. ఒక్కో పక్క రెండేసి చక్రాలు, ఒకటి పోతే రెండోది నోరెత్తకుండా మోస్తుంది. కారు టైరు దిగితే స్టీరింగ్ ఒక పక్కకు గుంజుతుంది, సీటు కిందే తెలిసిపోతుంది. ట్రెయిలర్ టైరు దిగితే ఆ కబురు హుక్కు దాటి పికప్‌లోకి రాదు. అద్దంలో రబ్బరు ముక్కలు ఎగురుతుంటేనే తెలుస్తుంది. 2024లో ఖైరతాబాద్ 70 అడుగుల గణపతిని ట్రెయిలర్ మీద హుస్సేన్ సాగర్‌కు తీసుకుపోతుంటే మీ అమ్మ దండం పెట్టుకుంది, నేను చక్రాలు చూస్తూ నిలబడ్డాను. అన్నేసి చక్రాల్లో ఒకటి మెత్తబడితే ముందు కూర్చున్నవాడికి చెప్పేదెవరు అని. ఇంటికొచ్చేదాకా తిట్టింది.

కాబట్టి కారు కన్నా ట్రెయిలర్‌కే ఈ సెన్సర్ ఎక్కువ అవసరం. మీ అమెరికాలో చట్టం మాత్రం తలకిందులుగా ఉంది. 2000లో ట్రెడ్ అని బండ్ల, టైర్ల భద్రతకు చట్టం చేశారు, 2007 సెప్టెంబర్ నుంచి తయారైన కార్లకూ పికప్‌లకూ గాలి హెచ్చరిక తప్పనిసరైంది, ట్రెయిలర్లను వదిలేశారు. ఆ కార్ల రూలులోనూ ఒక తిరకాసుంది. ఉండాల్సిన గాలిలో 25 శాతం దిగేదాకా దీపం వెలగకపోయినా చెల్లుతుంది. ఆ లెక్క ట్రెయిలర్‌కు పెట్టకు. నువ్వు పంపిన ఫొటోలో టైరు మీద 50 పౌండ్లని ఉంది. 25 శాతమంటే 37 దాకా దిగాలి. అంత పడవ మోస్తూ 37 మీద పరుగెత్తే టైరు లోపల్లోపల ఉడికిపోతుంది. నువ్వు 44 దగ్గరే మోగేటట్టు పెట్టు. 50 అనేది పొద్దున బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు చూసే లెక్క. రోడ్డెక్కి వేడెక్కాక 55, 56 చూపిస్తుంది. భయపడి గాలి తీసేయకు, అది దాని నైజం. పైన 62 దాటితే మోగాలి.

ఇక ఏ రకం కొనాలని. నాజిల్ మీద మూతలాగా తిప్పి పెట్టేది చవక, బ్యాటరీ నువ్వే మార్చుకోవచ్చు. కానీ ఆ మూత బిగించగానే వాల్వు పిన్నును నొక్కి పట్టుకుంటుంది. అంటే అప్పటినుంచి గాలిని ఆపేది పిన్ను కాదు, మూతలోని చిన్న రబ్బరు వాషర్. గాలి కాపలాకు పెట్టిన మూతే గాలి వదలొచ్చు. షాపులో నువ్వు టైర్ల గుట్ట మీద కూర్చొని ఎక్కాలు చదువుకుంటుంటే, నేను నాజిల్ మీద ఇంత ఉమ్ము రాసేవాణ్ణి, గుర్తుందా? ‘నాయినా, బుడగొచ్చింది’ అని నాకన్నా ముందు నువ్వే అరిచేదానివి. మూతలు బిగించిన రోజు అదే పని చెయ్యి. అల్లుడు గారు చూస్తుంటే సబ్బు నీళ్ళు వాడు. రబ్బరు నాజిల్ ఉంటే మార్పించి లోహపుది వేయించు. మామూలు రబ్బరు నాజిల్ 65 పౌండ్ల వరకే, పైగా మూత బరువుకు ఊగి ఊగి మొదట్లో చీరుకుంటుంది.

మీరు గాల్వెస్టన్ పోయేది సముద్రపు ఉప్పు నీళ్ళకు. మూత అల్యూమినియం, నాజిల్ ఇత్తడి, మధ్యన ఉప్పు నీళ్ళు. ఆ రెండూ ఒకదాన్నొకటి తినేసి అతుక్కుపోతాయి. తర్వాత మూత తిప్పితే నాజిలే విరిగి చేతికొస్తుంది. పడవ తీసిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడుగు, నెలకోసారి మూత విప్పి మళ్ళీ బిగించు. టైరు లోపల డిస్క్‌కు బిగించే రకమైతే ఈ గొడవ లేదు. బ్యాటరీ అయిపోతే మాత్రం టైరు విప్పి సెన్సర్ మొత్తం మార్చాలి. కొత్త టైర్లు వేసినప్పుడు అదే వేయించు, ఇప్పటికి మూతలు చాలు. ఇంకొకటి, చక్రాలు నీళ్ళలో ఉన్నప్పుడు సెన్సర్ మాట బయటికి రాదు. పడవ దించుతుంటే ‘సిగ్నల్ లేదు’ అని మోగిందని కంగారు పడి రివర్స్‌లో కాలు తప్పించకు.

ఇప్పుడు అల్లుడు గారి వైపు మాట్లాడతా. పడవ ట్రెయిలర్లు రోడ్డు పక్కన ఆగిపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు, బేరింగులు కూడా. యాభై మైళ్ళు పరుగెత్తి, చక్రం మధ్యన బేరింగులుండే హబ్బు కాగిపోయి ఉంటుంది, అట్లాగే తెచ్చి చల్లటి నీళ్ళలో ముంచుతారు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకొని సీలు సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. గ్రీజు పాలెక్కువైన కాఫీ రంగుకు వచ్చిందంటే నీళ్ళు కలిసినట్టే. తర్వాత తుప్పు, వేడి, ఒకరోజు చక్రమే ఊడిపోవడం. సెన్సర్ వేడి కూడా చూపిస్తుందని డబ్బా మీద రాస్తారు. అది చూపేది నాజిల్ దగ్గరి వేడి, హబ్బు లోపలిది కాదు. అక్కడిది ఇక్కడ తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా దిగి, నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చుర్రుమంటే ఇక కదలొద్దు.

ఇక్కడ మన దేశంలో 2020లో రూలు మార్చారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సర్, పంచర్ కిట్టు ఉంటే 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ బండికి స్టెప్నీ లేకపోయినా చెల్లుతుంది. ‘సెన్సర్లు వచ్చాయిగా, స్టెప్నీ ఎందుకు, డిక్కీలో చోటొస్తుంది’ అని అల్లుడు గారు అంటే వినకు. చీలికలైన టైరుకు కిట్టు పనికిరాదు.

రాత్రిలోగా ఒక పని చెయ్యి. నాలుగు టైర్ల పక్కనా డాట్ (DOT) అని మొదలయ్యే అంకెలుంటాయి, చివరి నాలుగూ కనపడేటట్టు ఫొటో తియ్యి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. ఒక పక్క అంకెలు లేకపోతే కిందికి దూరి రెండో పక్క చూడు. గాలి నిండుగా ఉన్నా, ఎండకు పగుళ్ళిచ్చిన ముసలి టైరును ఏ సెన్సరూ పట్టలేదు. స్టెప్నీది కూడా తియ్యి. దాన్ని మర్చిపోతావని నాకు తెలుసు.

మీ నాయిన