ఢిల్లీ సైన్సు మన ఊరిదాకా రాలేదు, ఇప్పుడు అదీ లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

విజ్ఞాన్ ప్రసార్ అనే పేరు మీ పాఠకుల్లో ఎంతమంది విన్నారో నాకు తెలీదు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన నాకే ఆ సంస్థను మూసేశారన్న సంగతి ఏడాది ఆలస్యంగా తెలిసింది. అదీ ఎలాగంటే, అటక సర్దుతుంటే వాళ్ల పత్రిక 'డ్రీమ్ 2047' పాత సంచిక ఒకటి కనబడింది, ఇప్పుడూ వస్తోందేమో చూడరా అని మావాడిని ఫోన్లో వెతకమన్నాను. 1989లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద పెట్టిన సంస్థ అది. సైన్సును జనంలోకి తీసుకెళ్లడమే దాని పని. 2023లో ఎత్తేశారు. ఊళ్లో సినిమా హాలు మూసేస్తే నాలుగు రోజులు చెప్పుకుంటాం, దీని గురించి నా చుట్టుపక్కల ఒక్కరూ మాట్లాడగా వినలేదు.

అలాంటి సంస్థ ఎందుకు అని అడిగేవాళ్ల కోసం నా చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్తాను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే పోయింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలోనే ఉంది. నేను ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు గడియ పెట్టి, అందర్నీ లోపల కూచోబెట్టారు. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు. ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు చూడ్డానికి వచ్చిన దాన్ని మేం నెత్తిమీద పెట్టుకుని కూడా చూడలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది, నవ్వుకోండి.

పదిహేనేళ్లకి, 1995 అక్టోబరు 24న మళ్లీ వచ్చింది. ఈసారి సంపూర్ణ గ్రహణం రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా, మనకు పాక్షికమే. కానీ ఆ మధ్యలో దేశం కొంచెం మారింది. విజ్ఞాన్ ప్రసార్ వాళ్లూ, ఊరూరా తిరిగే జనవిజ్ఞాన సంఘాల వాళ్లూ ఎలా చూడాలో, కళ్లను ఎలా కాపాడుకోవాలో ముందునుంచే చెప్తూ వచ్చారు. దీపావళి మర్నాడు, సెలవు రోజు, అయినా మా స్కూలు పిల్లలు ముప్పైమంది దాకా గ్రౌండుకు వచ్చారు. అట్టముక్కకు సూదిబెజ్జం పెట్టి సూర్యుడి బొమ్మను గోడమీద పడేలా చూపించాను. ఒక పిల్లవాడు ఎవరో కొరికిన బిస్కెట్‌లా ఉందన్నాడు.

దానికి నెల రోజుల ముందే, సెప్టెంబరు 21న, వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు క్యూ కట్టింది గుర్తుందా? అప్పుడు కేంద్రం తరఫున సైన్స్ ప్రచారం చూసే ఎన్‌సీఎస్‌టీసీ వాళ్లు చేసిన పని నాకు ఇప్పటికీ ఇష్టం. ఎవరినీ తిట్టలేదు, ఎవరి భక్తినీ వెక్కిరించలేదు. పాలలో రంగు కలిపి స్పూనుతో విగ్రహానికి అందించారు. తలతన్యత, అంటే ద్రవం పైపొరకు ఉండే బిగువు, దాని వల్ల స్పూనులోంచి లాగబడిన పాలు విగ్రహం మీదనుంచి పల్చని పొరలా కిందకి జారిపోవడం ఆ రంగు వల్ల అందరికీ కనబడింది. చూసినవాళ్లు చూశారు, నమ్మనివాళ్లు నమ్మలేదు, అది వేరే సంగతి. కానీ పుకారు పుట్టిన రోజే జవాబు చెప్పే మనిషి ఉన్నాడు, అదీ ముఖ్యం.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మూసేశారని కన్నీళ్లు పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. విజ్ఞాన్ ప్రసార్‌కు నా లెక్కలో పెద్ద లోపం ఒకటుంది. ఆఫీసు నోయిడాలో, పత్రిక ఇంగ్లీషులో, హిందీలో. తమిళం, కన్నడం, బెంగాలీ, ఉర్దూ లాంటి భాషల్లో నెలనెలా పత్రికలు తేవాలన్న ఆలోచన వచ్చేసరికి సంస్థకు ముప్పై ఏళ్లు నిండుతున్నాయి. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా మందు ఇస్తున్నారని వేలమంది అంబులెన్సులతో సహా బారులు తీరిన రోజుల్లో ఆ సంస్థ బతికే ఉంది. ఒక మందు పనిచేస్తుందని ఎలా తేలుస్తారు, నలుగురికి తగ్గితే సరిపోదా, ట్రయల్ అంటే ఏమిటి, ఈ మాటలు తెలుగులో, మా కాలనీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేంత సులువుగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. టీవీలో మాత్రం రెండు వర్గాలూ అరుచుకుంటూ ఉన్నాయి.

అయితే లోపం ఉన్నదాన్ని బాగుచేస్తారా, పీకేస్తారా? అదే 2023లో పరిశోధనల కోసం అనుసంధాన్ ఫౌండేషన్ చట్టం తెచ్చారు, ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రైవేటు నుంచి రావాలట. రానీయండి, మంచిదే. అంత సైన్సు ఎవరి కోసం చేస్తున్నారో వాళ్లతో మాట్లాడేందుకే పెట్టిన చిన్న సంస్థ మాత్రం బరువైపోయింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి బాధ్యత అని 1976లోనే రాజ్యాంగంలో రాసుకున్నాం. బాధ్యత మనది, పుస్తకం ఇచ్చేవాడు ఎవరూ లేడు!

ఇంకోటి. జనంతో మాట్లాడడమంటే మైకు పట్టుకుని చెప్పడం ఒక్కటే కాదు, వినడం కూడా. బీటీ వంకాయ, అదే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన వంగ, గుర్తుందా? దాని సాగుకు అనుమతివ్వాలా వద్దా అని 2010లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టారు, వాటిల్లో హైదరాబాద్ ఒకటి. రైతులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్లు, వద్దనేవాళ్లు అందరూ ఒకే హాల్లో. కేకలు, గొడవ, అన్నీ అయ్యాయి. ఫిబ్రవరి 9న తాత్కాలికంగా ఆపేస్తున్నామని ప్రకటించారు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఈనాటికీ వాదించుకోవచ్చు, నాకే రెండు మనసులు. కానీ రైతు లేచి శాస్త్రవేత్తను నిలదీసి అడగడం, ఆయన జవాబు చెప్పాల్సి రావడం అప్పుడే చూశాం. ఆ తర్వాత అలాంటిది ఎన్నిసార్లు జరిగింది?

ఇప్పుడు మనకు మిగిలింది ఫిబ్రవరి 28. రామన్ ఎఫెక్ట్ పేరు మీద 1987 నుంచి జరుపుకుంటున్న సైన్స్ డే. మా మనవరాలి స్కూల్లో ఈసారి కూడా వంటసోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం, థర్మకోల్ సౌరకుటుంబం, ముఖ్యఅతిథి ప్రసంగం. ఒకసారి నగరంలో ఒక ల్యాబ్ ఓపెన్ డేకి పిల్లను తీసుకెళ్లాను, పేరెందుకులెండి. పాపం అక్కడి రీసెర్చ్ స్కాలర్ చాలా ఓపికగా చెప్పింది, కానీ అంతా ఇంగ్లీషే. తెలుగమ్మాయే! తెలుగులో చెప్పమ్మా అంటే ఆ మాటలు తెలుగులో రావు అంకుల్ అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

ఢిల్లీలో మళ్లీ సంస్థ ఎప్పుడు పెడతారో నా చేతుల్లో లేదు, మీ చేతుల్లో కూడా లేదు. హైదరాబాద్‌లో మాత్రం జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, భూమి లోపలి సంగతులు, భూగర్భజలాలు చూసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, రసాయనాల మీద పనిచేసే ఐఐసీటీ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వారానికి అర పేజీ ఇవ్వండి. వ్యాసాలు వద్దు. జనం ప్రశ్న పంపాలి, ఆ సంస్థల్లో పనిచేసే మనిషి పేరు పెట్టి తెలుగులో జవాబు రాయాలి, తెలీకపోతే తెలీదని రాయాలి.

మొదటి ప్రశ్నను మా పక్క పొలం రైతు తరఫున ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. బోరు వేసేముందు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడుస్తారే, అది నిలబడిన చోట నీళ్లు పడతాయంటారు. అతనికి మూడు బోర్లలో ఒకటి పడింది, రెండు ఎండిపోయాయి. కొబ్బరికాయ లేకుండా ఊరికే గుడ్డిగా చోటు ఎంచుకుని తవ్వినా మూడింటికి ఒకటి పడేదా? ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు చెప్పాలి, నాలుగో బోరుకు అప్పు తెచ్చేలోపు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్